వడ్లు తడవని వాన

మస్కట్‌ల మా పని గాలిని కడుగుడు.
నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న.
ఘాలా షెడ్లల్ల, రూవి మేడలల్ల
సీలింగ్ పలక జరిపి, నిచ్చెనెక్కి, తల లోపల పెట్టి
డక్టుల పేరుకున్న బూజును బ్రష్షుతోని గీకుతం.
పిల్లి బొచ్చు, ఇసుక, బఖూర్ పొగ మసి,
ఒకపారి పిట్టగూడు, గుడ్లతోని సుత.
మేం దిగినంక కింద కూసున్నోళ్లు
"ఇప్పుడు హాయిగుంది" అంటరు.
ఆ హాయి మా ముక్కులల్ల
రెండు దినాలు నల్లగ కారుతది.

ఆగస్టుల మూడు రోజులు సెలవు దొరికితే
ఓదెలన్న అన్నడు:
"సలాలా పోదాం పా. ఆడ గాలిని ఎవ్వలు కడగరట."

రాత్రంత బస్సు.
ఆదం దాటినంక హైమా దాక
చూసేటందుకు ఏం లేదు,
కండ్లు మూసుకున్నా అదే కనవడ్తది.
కిటికీకి తల ఆనిచ్చి ఓదెలన్న వేళ్లు లెక్కవెట్టిండు:
ఏజెంటుకు ఇంక నలభై వేలు,
బిడ్డ నర్సింగు ఫీజు,
బోరు మోటరు రిపేరు.
చిటికెన వేలు కాడికి వచ్చి మల్ల మొదలువెట్టిండు.

తుమ్రైత్ దాటినంక ఒక మలుపు.
మలుపుకు ఇవతల ఎండకు పగిలిన రాయి.
అవతల మొగులు దిగి గడ్డి మీద పండుకున్నది.
బలూచి డ్రైవర్ దాద్ రహీం
ఏసీ బందువెట్టి, బండి ఆపి, తలుపు తెరిచిండు.
ఒక్క మాట మాట్లాడలే.
నలభై ముక్కులు ఒక్కపారి పని మొదలువెట్టినై.

దర్బాత్ లోయల
నీళ్లు కొండ మీదికెళ్లి దుంకుతున్నై.
ఒక్క ధార గాదు,
నూనె వెట్టని జుట్టు లెక్క పాయలు పాయలు.
కడుపు లోతు గడ్డిల ఒంటెలు
కొమ్మలు గుంజుకొని నములుతున్నై,
ఎడారి అన్న మాట ఎన్నడు ఇననట్టు.
కాల్చిన మక్కెన్ల పొగ, చాపలు, ఫ్లాస్కులు,
దూరం దేశాల నంబర్ ప్లేట్లు.
చక్రాల కుర్చీల కూసున్న ముసలమ్మ
మొఖం పైకెత్తి, నోరు తెరిచి తుంపర తాగుతున్నది.
కొడుకు గొడుగు పడితే చెయ్యితోని పక్కకు నూకింది.

గప్పుడు చినుకు జర పెద్దగైంది.
ఓదెలన్న దిగ్గున లేచిండు.
"వడ్లు!" అన్నడు.

రెండు చేతులు గాలిల లేచినై,
ఏదో గుంజి కప్పేటట్టు.
కండ్లు తాటిపత్రి కోసం ఎతికినై,
ఒంటెల నడుమ, కార్ల నడుమ.

నాకెరుకే ఆ కత.
కొనుగోలు సెంటర్ కాడ పదకొండు రాత్రులు
కుప్ప ముంగట పండుకున్నడు.
తేమ ఎక్కువుందని తూకం వెయ్యలే.
పన్నెండో రాత్రి మొగులు వగిలింది.
మొలకలొచ్చిన వడ్లను దోసిట్ల వట్టుకొని
వాసన చూసిండట.
చేతులు కడుక్కోకుండనే
పాస్‌పోర్ట్ కాయిదం మీద సంతకం వెట్టిండట.

చేతులు దించి నా దిక్కు చూసిండు.
నేను ఒంటెల దిక్కు చూసిన.
"ఈడ ఎవ్వలియి తడుస్తలేవు గదనే" అన్న.
జరసేపు ఆగి,
"ఔ. ఎవ్వలియి లేవు" అన్నడు.

చెప్పులిడిసి, అంగీ గుండీలిప్పి
వానల పోయి నిలవడ్డడు.
యాభై రెండేండ్ల మనిషి,
కాంటా మీద నిలవడ్డట్టు, కదలకుండ.
ఎంత తేమనో ఎవ్వలు కొలువలే.

మల్ల బస్సు. మల్ల హైమా.
తడి అంగీతోనే గుర్రు కొడుతున్నడు.
ఆయన నెత్తి మీద ఏసీ రంధ్రం
సన్నగ ఈల వేస్తున్నది.
లేచి, తిప్పి, మూసిన.
దాని లోపల ఏముంటదో నాకెరుక.